లేని దీవి నుంచి ఉత్తరం

ఇన్నేళ్ళుగా ఇది నా గుండెల మీద బండలా కూర్చుంది. మా ఆవిడకు చెప్పలేదు. మీకు చెబుతున్నాను, మీరు ఆమెకు తెలియదు గనక.

రాయపూర్‌లో మా ఇంట్లో అద్దె వీసీఆర్ పెట్టిన ఆదివారం. హిందీలోకి మార్చిన ఇంగ్లీషు సినిమా: సముద్రం మధ్య ఒక దీవి, రాక్షసబల్లుల్ని పెంచి జనానికి చూపించే పార్కు, చుట్టూ ఎత్తైన ఇనుప కంచె. మా బావమరిది సింహాచలం శ్రీకాకుళం నుంచి వచ్చి నెల కాలేదు. టాటీబంధ్‌లో లారీలకు వెల్డింగ్ చేసేవాడు. హిందీ ముక్క రాదు, నేనే తెలుగులో చెబుతున్నాను. సగంలో కరెంటు పోయింది.

"ఆ కంచె వెల్డింగు ఎవులు సేసినారు బావా?"

"మనోళ్ళే. అండమాన్‌కి అవతల. అభీ భీ... అదే, ఇప్పటికీ భర్తీ నడుస్తోంది, వెల్డర్లు కావాలంట."

"నిజిమేనేటి?"

"నీ మీదొట్టు."

బావమరిదిని ఆటపట్టించడం బావల హక్కు. అంతే అనుకున్నాను. నిజంగా అంతేనా? మర్నాడు మిగతా సగం ఒక్కడినే చూశాను. కంచె తెగింది. మనుషులు చచ్చారు. పార్కు మూతపడింది. వాడికి మాత్రం అంతా సుఖంగా ముగిసిందని చెప్పాను.

వాడు పని మానేసి పిలుపు కోసం ఎదురుచూడటం మొదలుపెట్టాడు. అప్పుడైనా ఆపాలి కదా? ఆపకపోగా, కోర్టు కచేరీ దగ్గర ఇంగ్లీషులో ఒక ఉత్తరం టైపు చేయించి, నేనే చదివి వినిపించాను. విశాఖ రేవుకు రమ్మన్నారని చెప్పాను, అక్కకు చెబితే వెళ్ళనివ్వదని కూడా అన్నాను. మర్నాడు డ్యూటీ నుంచి రాగానే నిజం చెప్పి నవ్వేద్దామనుకున్నాను. వచ్చేసరికి వాడు లేడు. ఆ ఉదయమే మా ఆవిడ, కూర్చుని తింటున్నావని వాణ్ణి తిట్టిందట.

వెతకడానికి విశాఖ వెళ్ళాను. రేవు గేటు కాపలాదారు ఆనవాళ్ళు చెప్పగానే గుర్తుపట్టాడు. కాగితం పట్టుకుని మూడు రోజులు అక్కడే నిలబడ్డాడట. బల్లుల దీవికి ఓడ ఎప్పుడని కనబడిన ప్రతివాణ్ణీ అడిగాడట. అందరూ నవ్వారట. నాలుగో రోజు కనబడలేదట. ఇంటికొచ్చి, ఆచూకీ దొరకలేదని మాత్రం చెప్పాను.

వాడు మళ్ళీ రాలేదు.

అంతకన్నా పెద్ద తప్పు ఆ తర్వాత చేశాను. ఇప్పటికీ చేస్తున్నాను. "నా నోరే వాణ్ణి తరిమేసింది" అంటుంది మా ఆవిడ. అప్పటినుంచీ ఎవరినీ పల్లెత్తు మాట అనదు. మా అబ్బాయి పరీక్ష తప్పినప్పుడు కోపం ఆపుకుంటూ నోటికి కొంగు అడ్డం పెట్టుకుని లోపలికి వెళ్ళిపోయింది. పక్కనే ఉన్న నేను చూస్తూ కూర్చున్నాను. ఎలాంటి మనిషిని నేను?

ఆమె నోరు కాదు. వాణ్ణి పంపింది నేను. ఈ మాట కాగితం మీద పెట్టడం ఇదే మొదటిసారి.