కాలు ఆడితేనే నోరు ఆడేది

మా చిన్నప్పుడు... నేను ఒక్కచోట కుదురుగా కూర్చున్నానంటే, జ్వరమేమోనని మా అమ్మ నుదురు తాకి చూసేది. కాలుగాలిన పిల్లిలా ఇల్లంతా తిరిగేదాన్ని. అన్నం కంచం ముందు నుంచి లేచి, వాకిట్లో కోడిపిల్లల దగ్గర తేలేదాన్ని.

మాది చిల్లకల్లు పక్కన చిన్న ఊరు. అమ్మ ఎలిమెంటరీ స్కూలు టీచరు. క్లాసు నిండా పిల్లల్ని కూర్చోబెడతారు, సొంత కూతుర్ని కూర్చోబెట్టలేరా అని అందరూ అనేవాళ్ళు... అమ్మ నవ్వేసేది గానీ, ఆ మాట ఆమెకు గుచ్చుకునేది.

వేసవి సెలవుల్లో చర్చిలో పిల్లలకు బైబిలు క్లాసులు జరిగేవి. వీబీఎస్ అనేవాళ్ళం. పాటలు, కథలు, ఆటలు, వెళ్ళేటప్పుడు బూందీ పొట్లం... ఆఖరి రోజు చుట్టుపక్కల ఊళ్ళ పిల్లలందరినీ నందిగామ తీసుకెళ్ళి కంఠత వాక్యాల పోటీ పెట్టేవాళ్ళు.

ఓ ఏడు స్టేజీ మీద చేతులు కట్టుకుని నిలబడమన్నారు. ఒళ్ళంతా చీమలు పాకినట్టయింది... గౌను అంచు మెలిపెట్టాను, అటూ ఇటూ ఊగాను, రెండో వాక్యానికే అంతా మరిచిపోయాను. దింపేశారు. అందుకే మరుసటేడు అమ్మ నా పేరు ఇవ్వనంది. నాకేమో ఎలాగైనా మళ్ళీ ఎక్కాలని... అమ్మ తలెత్తుకునేలా చెప్పాలని.

ఆ ఏడు పోటీకి ఇచ్చింది బైబిల్లోని పొడవాటి కీర్తన. వాకిట్లో తొక్కుడుబిళ్ళ ఆడుతూ, గడికో వాక్యం చొప్పున గెంతుతూ మొత్తం చెప్పేసుకుంటున్నాను. మాకు వీబీఎస్ చెప్పే సువార్తత్తయ్య, అంటే నాన్న చెల్లెలు, దడి అవతల నిలబడి అంతా విన్నదట. తిన్నగా లోపలికెళ్ళి, అమ్మతో పోరి మరీ నా పేరు రాయించింది.

నందిగామలో నా వంతు వచ్చింది. మళ్ళీ చేతులు కట్టుకోమన్నారు... మళ్ళీ బుర్రంతా ఖాళీ. ఆడవాళ్ళ వైపు చూస్తే అమ్మ తల దించేసుకుంది. అప్పుడు లేచింది అత్తయ్య.

"అయ్యగారూ, దాన్ని గెంతనివ్వండి. నిలబెడితే దానికి రాదు."

హాలంతా నవ్వులు. పాస్టరుగారు ఒక్క క్షణం నా కాళ్ళ వైపు చూసి, "సరే, గెంతమ్మా" అన్నారు.

ఇక చూడండి... చెక్క స్టేజీ దడదడలాడింది, రిబ్బన్లు ఊడిపోయాయి, వాక్యాలు మాత్రం ఒకదాని వెనక ఒకటి తోసుకుంటూ వచ్చేశాయి. ఒక్క తప్పు లేదు. ఆగేసరికి చప్పట్లే చప్పట్లు... ప్రైజు రెండోదే వచ్చింది లెండి. మొదటిది కదలకుండా చెప్పిన పిల్లకిచ్చారు. నాకదేం పట్టలేదు.

తిరుగు బస్సులో కూర్చోమని కండక్టరు గద్దిస్తే అమ్మ, "అది కూర్చోదులెండి, దాని తీరే అంత" అంది. ఆ మాట అమ్మ మనస్ఫూర్తిగా నవ్వుతూ అనడం అదే మొదటిసారి. నాకు ప్రైజు కన్నా అదే గొప్పగా అనిపించింది.

ఇప్పుడు మా అబ్బాయి మూడో తరగతి. నాకన్నా రెండాకులు ఎక్కువే చదివాడు. స్కూలు నుంచి ఫిర్యాదులొస్తే విజయవాడలో డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాం. ఏడీహెచ్‌డీ అన్నారావిడ, కుదురూ ధ్యాసా నిలవనివ్వని మెదడు తీరట. అది అల్లరీ కాదు, పెంపకంలో లోపమూ కాదన్నారు. వాడి గురించి ఒక్కో ప్రశ్నా అడుగుతుంటే... అన్నీ నా గురించే అడుగుతున్నట్టుంది. ఏడుపూ నవ్వూ ఒకేసారి వచ్చాయి నాకు.

ఇప్పుడు దానికో పేరుంది. డాక్టరున్నారు, క్లాసులో మధ్యమధ్య వాణ్ణి లేవనిచ్చే టీచరున్నారు. లేనిదల్లా వాకిలే... నందిగామలో మూడో అంతస్తులో ఉంటున్నాం. మొన్న వాడు హాల్లో గెంతుతూ ఎక్కాలు చెబుతుంటే కింద ఇంటావిడ పైకొచ్చి బెల్లు కొట్టింది.

తలుపు తీసి గుమ్మంలోనే నిలబడ్డాను. "పదమూడో ఎక్కంలో ఉన్నాడండి... పూర్తి చెయ్యనివ్వండి" అన్నాను.

మీ క్లాసులోనూ ఉండే ఉంటారు ఇలాంటి పిల్లలు... లేక అది మీరేనా? మీ కోసం ఆ రోజు ఎవరు లేచి నిలబడ్డారో చెప్పండి.