అక్కను అడిగిన రోజు

మా బావ పోయిన మూడో రోజున పిట్టకు పెట్టాం. ఆయనకు ఇష్టమైనవన్నీ వండి, విస్తరిలో వడ్డించి, సమాధి దగ్గర ఉంచి దూరంగా నిలబడ్డాం. కాకి వచ్చి ముడితే పోయిన మనిషి తృప్తి పడ్డట్టు. పొద్దు నెత్తిమీదికి వచ్చినా ఒక్క కాకీ దిగలేదు. పిల్లలు ఆకలికి ఏడుస్తున్నారు. చివరికి ఆ అన్నం ఆవుకు పెట్టి, అంతే చాలనుకుని ఇంటికి వచ్చేశాం. బావ భార్య, అంటే నా తోడికోడలు, నేను అక్కా అని పిలిచే మనిషి, మాత్రం రాలేదు.

మర్నాటి నుంచి రోజూ అదే పని. ఇంటి చాకిరీ అంతా ముగించి, వండి, మూట కట్టుకుని కొండాపూర్ గుండ్ల వెనకాల సమాధి దగ్గర కూర్చునేది. ఎండాకాలం వచ్చినా మానలేదు. ఒకరోజు అక్కడే సొమ్మసిల్లి పడిపోయింది. దాంతో మా ఆయనకు భయం పట్టుకుంది.

"పిచ్చి దవాఖానల ఏస్తే తిండన్న పెడ్తరు, నీడన్న ఉంటది," అన్నారు ఊళ్లో పెద్దలు. డాక్టరు గడపలో నుంచే చూసి, పిచ్చేనని రాసిచ్చాడు. ఇక మేజిస్ట్రేటు ఊ అంటే చాలు. పక్క ఊరామెను అలాగే తీసుకెళ్లారు, మళ్లీ ఆమె ముఖం ఎవరూ చూడలేదు. అది తలుచుకుంటే నాకు అన్నం దిగేది కాదు.

మూసాపేట దాకా నడిచి బస్సెక్కాం. అక్క ఆరోజు కూడా వండిన మూట చేతిలోనే పట్టుకుంది. మేజిస్ట్రేటు కచేరి గుమ్మంలో జవాను నవ్వాడు.

"ఏందమ్మా, సాబుకు సద్ది తెచ్చినవా?"

"నీకైతే గాదు. జర జరుగు."

మేజిస్ట్రేటు కోస్తా వైపు మనిషి. మా ఆయన నోరు తెరవబోతే చేత్తో ఆపి, అక్కకు కుర్చీ చూపించాడు.

"కూర్చోండమ్మా. మిమ్మల్ని ఎక్కడికి పంపమంటున్నారో తెలుసా అండి?"

"ఎరుకే. పిచ్చోళ్ల దవాఖానకు."

"వెళ్లడం మీకు ఇష్టమేనా?"

అంత పెద్ద మనిషి, ఆ కుర్చీలో కూర్చుని, ఊరంతా పిచ్చిదన్న ఆడమనిషిని అండీ అని పిలిచి, మీకిష్టమా అని అడుగుతున్నాడు! అక్క ఒళ్లో మూట సర్దుకుంది.

"పెండ్లప్పుడు గూడ నన్ను గీ మాట ఎవ్వరు అడగలే సారూ," అంది. "నాకు ఇష్టం లేదు."

"మరి రోజూ ఆ అన్నం ఎందుకండీ?"

"పిట్ట ముట్టలే. ఆయన ఆకలితోటి పోయిండు. వీళ్లకు పొద్దెక్కింది, ఇంటికొచ్చిండ్రు. నేను కూసున్న."

ఆయన మా ఆయన వైపు తిరిగాడు. "నిజమేనా?"

"నిజమే సారూ."

"ఎవరినైనా కొట్టిందా? తిట్టిందా?"

"నన్ను రోజు తిడ్తది."

"ఎందుకు?"

మా ఆయన తల గోక్కున్నాడు. "కల్లు తాగినందుకు."

"అది పిచ్చి కాదయ్యా," అన్నాడు మేజిస్ట్రేటు. గదిలో అందరూ నవ్వారు. ఆయన నవ్వలేదు. "దుఃఖంలో ఉందని మనిషిని బంధించే హక్కు మీకూ లేదు, నాకూ లేదు. ఇంటికి తీసుకెళ్లండి. ఆమె కూర్చునే చోట ఒక పందిరి వేయండి."

మా ఆయన చేతులు జోడించాడు. మన మనసులో మాట మనమే చెప్పుకోవడానికి ఒక చోటుందని అంతవరకు నాకు తెలియదు.

బయట వరండాలో ఒక పడుచుపిల్లను చేతులు కట్టి కూర్చోబెట్టారు. చుట్టూ ఆ పిల్ల ఇంటివాళ్లే. అక్క నేరుగా వెళ్లి ఆ పిల్ల ముందు చతికిలబడింది.

"బిడ్డా, లోపల సారు నిన్నే అడుగుతడు. భయపడకు. నీ జవాబు నువ్వే చెప్పాలె."

"పిచ్చిదానితోటి ఏంది నీ ముచ్చట? లే ఇక్కడికెల్లి!" అని వాళ్లు కసిరారు.

అక్క లేవలేదు. ఆ పిల్ల కళ్లెత్తి, సరేనని తలూపేదాకా అక్కడే కూర్చుంది.