రెండు డబ్బాలు, ఒక తాళం చప్పుడు

ఎండాకాలం మధ్యాహ్నం నస్పూర్‌లో ఫ్యాను ఆపి పాట వినమనే మనిషిని ఏం చేయాలో మీరే చెప్పండి. మా బామ్మర్ది కరీంనగర్‌లో ఆంప్లిఫయర్లు బాగుచేస్తాడు. ఆ ఆదివారం వాళ్లావిడ పాత చీరలో చుట్టి, పసిబిడ్డను తెచ్చినట్టు ఒక డబ్బా తెచ్చాడు. దాని నెత్తిన రెండు గాజు ట్యూబులు. ఇంట్లోకి వచ్చి మంచినీళ్లు కూడా ముట్టకుండా ముందు ఫ్యాను ఆపేశాడు.

"గాలి సప్పుడుల ఏం ఇనస్తది బావా? జరసేపు ఓర్సుకో."

కంప్యూటర్లో పాట అంకెలుగా ఉంటుంది. ఆ అంకెలను స్పీకరుకు పనికొచ్చే కరెంటుగా మార్చే డబ్బాను డాక్ అంటారు. బామ్మర్ది తెచ్చిందీ అదే, ట్యూబులది. నా దగ్గర చిప్పులతో పనిచేసేది ఒకటి ఉంది, అరచేతిలో పడుతుంది. ఆర్నెల్ల కిందటి దాకా దానితో నాకు ఏ పేచీ లేదు. తర్వాత ఏమైందో, పాటలో పదును పోయింది. వైర్లు మార్చాను. స్పీకర్ల కింద ఇటుకలు పెట్టాను. గోడ దగ్గరికి, గోడకు దూరంగా జరిపి జరిపి క్వార్టర్ గచ్చంతా గీతలు పెట్టి మా ఆమెతో తిట్లు తిన్నాను. చివరికి తప్పు డబ్బాదేనని తేల్చి ఆ మాట ఫోన్లో బామ్మర్దితో అన్నాను. ట్యూబుల భక్తుడి దగ్గర ఆ మాట అనకూడదని తెలిసి కూడా అన్నాను.

"నేను మొదటి సంది చెప్తలేనా? గీ చిప్పు డబ్బా పాటను కోసి పెడ్తది. ట్యూబులల్ల కమ్మగ వస్తది."

కమ్మగా రావాలంటే ముందు అవి వేడెక్కాలట, అరగంట. ముగ్గురం చెమటలు కక్కుతూ కూర్చున్నాం. ఇరవై నిమిషాలకు కరెంటు పోయింది. అది వచ్చాక మళ్లీ మొదటి నుంచి అరగంట. మా ఆమె చింతపండులో గింజలు తీస్తూ, "మీ ఇద్దరికి దండం పెడ్త, గా పాటేదో పెట్టుండ్రి, నాకు పనున్నది" అంది.

పరీక్షకు పెట్టింది ధర్మపురి భజన. కొన్నేళ్ల కిందట గోదావరికి పోయినప్పుడు బామ్మర్ది తన చిన్న రికార్డరులో పట్టుకొచ్చాడు. భజన చివర ఒక్కసారి తాళాలు కొట్టి వదిలేస్తారు. ఆ చప్పుడు సన్నగా సాగి సాగి ఎక్కడో కలిసిపోతుంది. ఆ రోజు నేనక్కడే ఉన్నాను, ఎంతసేపు మోగిందో నాకు బాగా గుర్తు. నా డబ్బా మాత్రం దాన్ని కత్తిరించినట్టు ఆపేస్తోంది. నా కోపమంతా అక్కడే.

మొదట ట్యూబు డబ్బా పెట్టాడు. నిజంగానే బాగుందనిపించింది. తీరా చూస్తే దాని మోత ఎక్కువ. మోత పెంచితే ఎవరి పాటైనా బాగానే ఉంటుంది, ఈ మాత్రం తెలియని వాణ్నా నేను? వాల్యూం బిళ్ల మీద సుద్దతో గుర్తులు పెట్టించి రెండూ సమానం చేయించాను. అప్పుడు విన్నాను. దానికీ దీనికీ తేడా లేదు. రెండూ ఒకేలా మొద్దుగా ఉన్నాయి, రెండింట్లోనూ తాళం తెగిపోతోంది. దీని కోసమా నేను ఇంత ఉడికింది?

"నీ ట్యూబులు కూడ గంతే" అన్నాను.

"ఏం మాట్లాడుతున్నవ్ బావా? ట్యూబుల ఎంతసేపు మోగింది! సరే, ఓ పని చేద్దాం. కండ్లు మూసుకొని చేతులు లేపుండ్రి. సప్పుడు ఆగినంక దించుండ్రి. ఏ డబ్బాల ఎక్కువసేపు మోగుతదో తెలిసిపోతది. అక్కా, నువ్వు కూడ."

భజన అయింది, తాళం పడింది. ముగ్గురం చేతులెత్తాం. చప్పుడు ఆగింది, నేను చెయ్యి దించి కళ్లు తెరిచాను. వాళ్లిద్దరి చేతులూ పైనే ఉన్నాయి. మా ఆమె వేళ్లకు చింతపండు అంటుకుని ఉంది, కళ్లు మూసుకునే ఉంది. ఇంట్లో నాకు ఏ చప్పుడూ వినిపించడం లేదు. నేను చూస్తూనే ఉన్నాను, ఆ చేతులు దిగవే! చాలాసేపటికి ఇద్దరివీ ఇంచుమించు ఒకేసారి దిగాయి.

"నకరాలు చెయ్యకుండ్రి" అని అరిచాను. చిప్పు డబ్బా పెట్టించాను. మళ్లీ అంతే, వాళ్ల చేతులు పైన, నాది ఒళ్లో. మూడోసారి బామ్మర్ది పెట్టనన్నాడు. మా ఆమె లేచి ఫ్యాను వేసింది.

"డబ్బాలు మంచిగనే ఉన్నయ్. రేపు దవాఖాన్ల చెవులు చూపిచ్చుకో" అంది.

చెవుల మాట వినగానే నాకు గుర్తొచ్చింది పాట కాదు, బాయి. బాయంటే బొగ్గు గని, నేను అందులో సర్దార్‌ని. షిఫ్టు మొదట్లో అందరికంటే ముందు లోపలికి పోయి, మనుషులు పనిచేసే చోట రూఫును కర్రతో కొట్టి వినాలి. గట్టి రూఫు ఖంగుమంటుంది. లోపల పగులుంటే డొల్లగా పలుకుతుంది. బాగుందని నేను రాసి సంతకం పెడితేనే దాని కింద మనుషులు నిలబడతారు. కొన్ని నెలలుగా ఎక్కడ కొట్టినా డొల్ల చప్పుడే. ఈ బాయే చెడిపోయిందని రోజూ అరుస్తున్నాను, ప్రతిచోటా రూఫుకు ఆసరాగా దుంగలు నిలబెట్టిస్తున్నాను. పని ఆగిపోతోందని పైవాళ్లు సణగడం, నేను వాళ్ల మీద లేవడం. ఆ నస భరించలేక శుక్రవారం రెండు చోట్ల, డొల్లగానే వినిపించినా, బాగుందని రాసేశాను.

ఆ రాత్రి నాకు భయమేసింది.

పొద్దున దిగగానే టింబర్‌మ్యాన్‌ను వెంటబెట్టుకుని ఆ రెండు చోట్లకే పోయాను. దుంగలు నిలబెట్టేది అతనే, నా ఈడువాడే, ఇరవై ఏళ్ల స్నేహం. మొదటి చోట కర్రతో కొట్టి ఎట్లుందని అడిగాను.

"మంచిగనే ఖంగుమంటున్నది. నీకు ఇనస్తలేదా అన్నా?"

రెండో చోట కొట్టాను. అతను నా భుజం పట్టి వెనక్కి గుంజాడు. "ఇవతలికి రా అన్నా. గిది డొల్ల."

నాకు మాత్రం రెండూ ఒక్కలాగే వినిపించాయి, ఇంట్లో ఆ రెండు డబ్బాల్లాగే. శుక్రవారం దాని కింద ఆరుగురు పనిచేసి పోయారు, నా సంతకం చూసుకుని. నిన్నటిదాకా ఎవరి చేతికీ ఇవ్వని కర్ర అతనికి ఇచ్చేశాను. ఆ చోటికి ఎవరూ పోకుండా అడ్డం కట్టించి, పైకొచ్చి మేనేజరు దొరకు ఉన్నదంతా చెప్పాను. శుక్రవారం సంతకం సంగతి కూడా.

ఇప్పుడు నా పని పైన, ల్యాంపుల గదిలో. దిగేవాళ్లకు లైట్లు ఇవ్వడం, ఎక్కినవాళ్ల దగ్గర తీసుకోవడం. ఏదీ వినాల్సిన పని లేదు. సాయంత్రం తిరిగొచ్చిన లైట్లు మాత్రం రెండుసార్లు లెక్కపెడతాను.

బామ్మర్ది మారలేదు. మొన్న మళ్లీ వచ్చాడు, మళ్లీ కొత్త ట్యూబులు, మళ్లీ ఫ్యాను బంద్, మళ్లీ అదే భజన. తాళం పడింది. నాకు ఎప్పటిలాగే చటుక్కున ఆగిపోయింది.

"బావా, ఇప్పుడు చెప్పు, ఏది మంచిగున్నది?"

"నన్నడుగుతవేందిరా?" అని కసిరాను. "మీ అక్క ఇంక చెయ్యి దించలే. నోర్మూసుకొని ఇను."