సరంగు గారింటి నడవ

పోర్ట్‌బ్లెయిర్‌లో ఒక ఇంటీరియర్ కాంట్రాక్టు సంస్థలో డ్రాఫ్ట్స్‌మన్‌గా చేరి, సైట్ సూపర్‌వైజర్‌నై, చివరికి సీనియర్ డిజైనర్ హోదాలో పదవీ విరమణ చేశాను. విరమణకు కొన్నేళ్ల ముందు, ఒక మే నెలాఖరున, వానలు మొదలవుతున్న రోజుల్లో ఊళ్లోనే లంబాలైన్‌లో ఒక ఇంటి నడవను అలంకరించే పని నాకు అప్పగించారు. హోటళ్లు, రిసార్టులు చేసినవాడికి ఒక నడవ ఏం లెక్క అనుకుంటూ వెళ్లాను. హోదాతోపాటు మనిషికి వచ్చే జబ్బుల్లో అదొకటి.

ఇంటావిడ పేరు సింహాచలమ్మ. డెబ్భైకి దగ్గర పడిన మనిషి. పెద్దవాళ్లు ఎప్పుడో శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి స్థిరపడ్డారు; ఆవిడ పుట్టి పెరిగింది మాత్రం ఈ దీవుల్లోనే. భర్త దీవుల మధ్య తిరిగే ఓడలో సరంగు, అంటే డెక్కు మీద కళాసులందరికీ పెద్ద. నేను వెళ్లేనాటికి ఆయన లేరు. పిల్లలు కలగలేదు. ఇల్లంతా వీధి తలుపు నుంచి వంటింటి దాకా సాగిన ఒకే పొడుగాటి నడవ, దానికి ఒక పక్కన గదులు. విమానాశ్రయం పక్కనే కాబట్టి విమానం దిగినప్పుడల్లా నడవ దద్దరిల్లేది. ఆ చప్పుడు ఆగాక ఇంట్లో ఇంకేమీ వినబడేది కాదు.

"ఏటి బాబూ, ఈ నడవ సూత్తే నాకే బెంగగా ఉంటాది," అంది ఆవిడ మొదటి రోజే, హిందీ కలిసిన మా దీవుల తెలుగులో. "ఒకప్పుడు కాలెట్టడానికి జాగా ఉండీది కాదు. ఇప్పుడు బిల్కుల్ ఖాళీ. మంచి సజావట్ చేసీ. ఇల్లు కళగా ఉంటే మనుషులొత్తారు."

ఆ మాట వెనక మా దీవుల అలవాటు ఒకటుంది. హట్ బే, కాంప్‌బెల్ బే లాంటి దూరపు రేవుల నుంచి ఆసుపత్రి పనికీ, కోర్టు పనికీ పోర్ట్‌బ్లెయిర్ వచ్చినవాళ్లు తిరుగు ఓడ దొరికేదాకా తెలిసినవాళ్లింట్లో దిగేవారు. సముద్రం బాగా లేకపోతే ఓడ కదలదు. అది కదిలేదాకా చుట్టాలూ కదలరు. సరంగు గారు ఓడలో ఎవరిని చూసినా మా ఇంటికి పొమ్మనేవారట. వానాకాలంలో ఆ నడవంతా చాపలే. ఇప్పుడు లాడ్జీలు పెరిగాయి. అంతకన్నా ముఖ్యం, ఆయన లేని ఇంట్లో దిగి ఒంటరి మనిషిని ఇబ్బంది పెట్టడమెందుకని అందరూ మొహమాటపడ్డారు. ఆవిడ మాత్రం ఇల్లు బోసిపోయినందువల్లే ఎవరూ రావడం లేదని గట్టిగా నమ్మింది. బాగు చేయిస్తే వస్తారని ఆశపడింది. ఆ ఆశనే నాకు అప్పగించిందన్న సంగతి నాకప్పుడు తట్టలేదు.

మా వృత్తిలో పొడుగాటి నడవను చూడగానే చేసే మొదటి పని దాని పొడవును విరగ్గొట్టడం. అంటే చూపు తిన్నగా చివరికంటా పరిగెత్తకుండా మధ్యమధ్య ఆపడం. దానికోసం ముందు ఎలివేషన్ గీస్తాం, గోడను ఎదురుగా నిలబడి చూస్తే ఎలా ఉంటుందో ఆ బొమ్మ. తలుపు దగ్గర సన్నటి గాజు బల్ల, దాని మీద పూలకుండీ, గోడకు వెచ్చని దీపాలు, చివర నిలువెత్తు అద్దం గీశాను. ఉప్పుగాలికి ఇనుప మేకులు తుప్పు పట్టి గోడ మీద చారలు దిగుతాయి కనుక ఇత్తడి స్క్రూలే వాడించాను. అద్దానికీ గోడకూ మధ్య గాలి ఆడే సందు వదిలించాను. లేకపోతే చెమ్మకు నల్ల మచ్చలొస్తాయి. పనిలో వంక పెట్టడానికి లేదు.

ఆ గోడ పొడవునా నడుమెత్తులో ఒక వరస ఇనుప కొక్కేలుండేవి. వాటి కింద పడౌక్ అనే ఇక్కడి అడవికర్రతో చేసిన మొరటు బల్ల. పటాలు తగిలించాలన్నా, బట్టలు వేలాడదీయాలన్నా ఆ కొక్కేలు మరీ కిందికున్నాయి. ఎవరో తెలివితక్కువ మేస్త్రీ పని అనుకుని పీకించేశాను. బల్ల పెరట్లోకి పోయింది. నేల మీద గీతలు కనబడకుండా లేత రంగు తివాచీ పరిపించాను. పీకిన కొక్కేలను ఆవిడ ఒక డబ్బాలో వేసి దాచుకుంది. ఎందుకని నేను అడగలేదు. కొత్తగా కావాలన్నది తానే కాబట్టి ఆవిడా నోరు విప్పలేదు.

పని పూర్తయ్యాక ఇంటి యజమానికి అన్నీ చూపించి సంతకం తీసుకోవడాన్ని హ్యాండోవర్ అంటాం. ఆ రోజు పొద్దుటి నుంచీ ఒకటే వాన. సంతకం పెట్టి ఆవిడ ముచ్చటగా దీపాలు వేసి, ఆర్పి, మళ్లీ వేస్తోంది. అంతలో తలుపు దగ్గర అలికిడైంది. సరంగు గారి కింద కళాసీగా చేసిన రాంబాబు, భార్యనూ అత్తగారినీ వెంటబెట్టుకుని వచ్చాడు. అత్తగారిని ఆసుపత్రిలో చూపించి హట్ బే వెళ్లబోతుంటే ఓడ రద్దయిందట. ముగ్గురి చేతుల్లోనూ తడిసిన సంచులు. సింహాచలమ్మ ముఖం అంతలా వెలగడం ఆ ఇంట్లో నేను అదే మొదటిసారి చూశాను.

వాళ్లు గడప దగ్గరే ఆగిపోయారు. రాంబాబు తివాచీ వంక చూశాడు, నీళ్లు కారుతున్న తన సంచి వంక చూసుకున్నాడు.

"పెద్దమ్మా, ఇల్లు ఫస్ట్ క్లాస్‌గా ఉన్నాది. మా సామాన్ అంతా గీలా అయిపోనాది. అబర్డీన్ బజార్లో లాడ్జి సూసుకుంటాం. నువ్వు టెన్షన్ మత్ లో," అన్నాడు.

ఆవిడ ఎంత బతిమాలినా గడప దాటలేదు. బయట నిలబడే టీ తాగి, గడప అవతలి నుంచే చెయ్యి చాచి గ్లాసులు జాగ్రత్తగా గాజు బల్ల అంచున పెట్టి వెళ్లిపోయారు.

ఆవిడ నడవలోకి తిరిగింది. ఎదురుగా అద్దంలో నడవ మొత్తం కనబడుతోంది, అందులో ఆవిడ ఒక్కతే ఉంది.

"ఆల్లు కాళ్లు కడుక్కోడానికి నీల్లైనా అడగనేదు బాబూ," అంది.

ఆ ఇంటికి వచ్చి కాళ్లు కడుక్కున్నారంటే ఉంటారని అర్థం. కొక్కేల సంగతి నేను అప్పుడు అడిగాను. తడి సంచిని పైకెత్తే పని లేకుండా, పిల్లలకు కూడా అందేటట్టు సరంగు గారే ఆ ఎత్తులో కొట్టించారట. ముసలివాళ్లు నడుం వాల్చడానికి బల్ల. నేల మీద గీతలు ట్రంకుపెట్టెలు ఈడ్చినవి. నేను బుద్ధితక్కువ పని అనుకున్నదంతా ఆయన ఆలోచించి చేయించినదే. నాకు సిగ్గేసింది.

మర్నాడు ఆవిడ ఆటో మాట్లాడుకుని వాళ్లను పిలుచుకురావడానికి లాడ్జికి వెళ్లింది. వాన తెరిపిచ్చి ఓడ పొద్దున్నే కదిలిపోయిందట. ఒక్కతే తిరిగొచ్చి నాకు ఫోన్ చేసింది. ఉన్నవన్నీ తీసేయమంది.

హ్యాండోవర్ అయ్యాక మార్పు చేయాలంటే మా మేనేజరు రాతపూర్వకంగా అనుమతించాలి. వినియోగదారు అవసరాన్ని తప్పుగా అంచనా వేశానని కారణం రాసి అనుమతి తెచ్చుకున్నాను. గాజు బల్ల, తివాచీ, దీపాలు తీయించాను. ఆవిడ డబ్బాలోని కొక్కేలను తుప్పు గీకించి, పాత ఎత్తులోనే, ఇత్తడి స్క్రూలతో బిగించాను. పడౌక్ బల్ల లోపలికి వచ్చింది. నడవ మళ్లీ బోసిగానే ఉంది. ఆ అద్దాన్ని ఆవిడ ఇంట్లో ఉంచుకోనంది. కొన్న కొట్టువాళ్లు దాన్ని వెనక్కి తీసుకోవడం కుదరదన్నారు. నేనే తెచ్చుకున్నాను.

ఆ వానాకాలమంతా ఎవరూ రాలేదు. మరుసటి వానల్లో రాంబాబు ఒక్కడే వచ్చాడట. సంచిని కొక్కేనికి తగిలించి, నీళ్లెక్కడని కూడా అడగకుండా పెరట్లోకి పోయి కాళ్లు కడుక్కున్నాడని ఆవిడ ఫోన్‌లో రెండుసార్లు చెప్పింది.

ఆ పని తరువాత నేను ఏ నడవలోనూ కొలతల టేపు ముందుగా తీయలేదు. వచ్చినవాళ్లు మీ ఇంట్లో సామాను ఎక్కడ దింపుతారని మొదట అడిగేవాణ్ణి. జవాబును బట్టి గోడలో కొంత, నేలలో కొంత ఖాళీ వదిలి మిగతాది గీసేవాణ్ణి. మా ఇంటికెవరొస్తారండీ అన్నవాళ్లకు మాత్రం, ఎదురొచ్చే మనిషి ఒకరైనా ఉంటారని, చివర నిలువెత్తు అద్దం పెట్టుకోమనేవాణ్ణి. సరంగు గారింటి నుంచి తెచ్చిన అద్దం డెలానీపూర్‌లో మా ఇంటి నడవ చివర ఉంది.