లక్ష్మీదేవమ్మ మనవరాళ్లు

2023లో, కె.ఆర్.పురం దగ్గరి ఒక చిన్న ఆసుపత్రిలో, నా ప్రోగ్రాం చేసిన తప్పును కౌంటర్‌లో కూర్చునే మంజుల మీదికి నెట్టేశాను. “ఆమె వేరే ఫైల్ నొక్కింది” అన్నాను. ఆమె నొక్కలేదు. నొక్కే వీలే నేను ఉంచలేదు.

ఆ పొద్దున నా సంబరం చెప్పతరం కాదు. ఒకే పేరును ఇంగ్లీషులో ఒక్కొక్కరు ఒక్కో రకంగా ఎక్కించడం వల్ల పాత ఫైళ్లు దొరికేవి కావు. నేను సౌండెక్స్ పెట్టాను. పేరులోని శబ్దాలను చిన్న కోడ్‌గా మార్చి, దగ్గరగా వినిపించే పేర్లన్నిటినీ డేటాబేస్ నుంచి లాక్కొచ్చే పద్ధతి అది. అంతటితో ఆగలేదు. వచ్చిన పేర్ల పట్టీని తీసేసి, వాళ్లలో అందరికన్నా ఈమధ్య వచ్చిన ఒక్కరి ఫైల్ నేరుగా తెరుచుకునేలా చేశాను. క్యూ చకచకా కదులుతుంటే కౌంటర్ వెనక నిలబడి మురిసిపోయాను.

ముందురోజే మంజుల చెప్పింది. “పట్టీ తీసేయద్దు సార్. మా వైపు ఊర్లల్లో అవ్వ పేరే మనవరాండ్లందరికీ పెడతారు. ఎవరింటోళ్లని అడిగితేనే తెలిసేది.”

“మీరు అడిగేలోపు నా ప్రోగ్రాం పదిమందిని పంపేస్తుంది లెండి” అన్నాను.

పదకొండింటికి నొప్పులతో లక్ష్మీదేవి వచ్చింది. అత్తగారింటి నుంచి కాన్పుకు పుట్టింటికి వచ్చిన పిల్ల. పక్కన తల్లి. ఫైల్ క్షణంలో తెరుచుకుంది. కాసేపటికి నర్సు పరుగెత్తుకొచ్చింది.

“ఫైల్లో రెండో కాన్పని ఉండాది. ఆయమ్మకు తొలి కాన్పు! ఎవరి ఫైల్ ఇచ్చినారు? ఇంజెక్షన్ సిద్ధం చేసి పెట్టుకున్నా!”

తల్లి గాభరాగా లేచింది. “దానికి ఏదో సూది పడదప్పా! పెళ్లికి ముందు జ్వరమొచ్చినప్పుడు మీరే రాసుకున్నారే!”

ఏ సూదో ఆమెకు తెలియదు. అసలు ఫైల్ దొరకాలి. వెంటనే దొరకాలి. ఒక్కరినే చూపమని నేను పెట్టిన షరతును చెరిపి ఆ పేరును మళ్లీ వెతికించాను. పదకొండు పేర్లు. అందులో నలుగురిది ఒకే ఇంటిపేరు, ఇంచుమించు ఒకే వయసు. నాకేమీ తోచలేదు. మంజుల నన్ను పక్కకు జరిపింది.

“పిల్ల నాయన పేరేమమ్మా?”

“ఆయన పేరు నేనెట్ల చెప్పేది?”

“ఇప్పుడు చెప్పకుంటే ఇంకెప్పుడు చెప్తావు తల్లీ!”

“మునిరాజు!” అని అరిచింది ఆమె. వెయిటింగ్ హాలంతా తిరిగి చూసింది. “సర్జాపుర మునిరాజు! లక్ష్మీదేవమ్మ మూడో కొడుకు!”

దొరికింది. ఎర్ర అక్షరాల్లో ఉంది: పెన్సిలిన్ పడదు. మంజుల అది చదివి కేక వేసింది. నర్సు సిద్ధం చేసిన ఇంజెక్షన్‌ను పక్కన పడేసింది. అది పెన్సిలిన్ జాతి మందే.

మధ్యాహ్నానికి ఆడపిల్ల పుట్టింది. అప్పుడే మేనేజర్ వచ్చి ఏమైందని అడిగాడు. నేను ఆ అబద్ధం చెప్పాను. మంజుల నన్నొకసారి చూసి, తరువాతి టోకెన్ పిలిచింది. ఆ చూపు ముందు నా సౌండెక్స్ సంబరమంతా చల్లారిపోయింది.

మర్నాడు, క్యూలో ఉన్నవాళ్లంతా వింటుండగానే, మేనేజర్‌తో నిజం చెప్పాను. నన్ను క్షమించమని మంజులను అడిగాను. “పట్టీ ఎప్పుడు తెస్తారు సార్?” అని మాత్రం అడిగింది.

దగ్గరగా వినిపించే పేర్లను తేవడం వరకే యంత్రం పని. వాళ్లలో మనిషిని గుర్తుపట్టాలంటే ఎవరో ఒకరు అడగాలి. ఇది తెలుసుకోవడానికి నాకో తల్లి అరుపు కావలసి వచ్చింది.

క్షమాపణ చెప్పడానికి వార్డుకు వెళ్లాను. లక్ష్మీదేవి తల్లి మనవరాలిని ఒళ్లో ఊపుతోంది. ఏం పేరు పెడతారని అడిగాను.

“ఇంకేముంది నాయనా, మా అత్త పేరే, లక్ష్మీదేవే!”

కిందికి దిగి పట్టీని తిరిగి పెట్టాను. పేరు పక్కన కొత్తగా ఒక గడి చేర్చాను: ఎవరింటివారు? అది నింపకుండా ఏ ఫైలూ తెరుచుకోదు.