నాలుగో గీత

మా బావ పోయారు. శుక్రవారం పొద్దున బోయిగూడ నుంచి అక్క ఫోన్ చేసింది. "మీ బావ చాయ్ తాగిండు, సాసర్ కింద పెట్టిండు, గంతే" అంది. ఏ పనైనా ఆయన అలాగే చప్పుడు లేకుండా ముగించేవారు. ఒక్క పని మాత్రం ముగించలేదు. తాను బతికుండగా దాని ఊసెత్తొద్దన్నారు. ఇప్పుడు మీకు చెప్తాను.

ఆయన రైల్వే వర్క్‌షాపులో వడ్రంగి. చెవి మీద పెన్సిల్ పెళ్ళినాడు కూడా తీయలేదని అక్క ఎత్తిపొడిచేది. చెక్క పాడై, ఇక పనికిరాదని పక్కన పడేసేటప్పుడే ఆ పెన్సిల్ జేబులోకి పోయేది. "తీసుడు అల్కగనే ఉంటది, మల్ల పెట్టుడే ఉండది" అనేవారు. బల్ల కాలు కోస్తున్నా, మంగలి ముందు కూర్చున్నా అదే మాట.

రజాకార్ల రోజుల్లో నేను పట్నంలో అక్కావాళ్ళింట్లోనే ఉండేవాణ్ణి. ఊళ్ళో ఉన్న మా అన్న, కాపలాకు తుపాకి కావాలని కబురు పంపాడు. మూతిలోంచి మందు దట్టించే నాటు తుపాకి బావ ఇంట్లోనే మొదలుపెట్టారు. జిట్రేగి చెక్క చెక్కి, రోజుకో పూత అవిసె నూనె రుద్దేవారు. బట్టలకు, అన్నానికి కూడా అదే వాసన. అది పూర్తి కాకముందే రజాకార్లు అన్నను ఇంట్లోంచి ఈడ్చుకుపోయి చంపేశారు. వాళ్ళకు ఇల్లు చూపించింది ఊరి పటేల్ దగ్గరి నౌకరే అని ఊరంతా అనుకుంది.

ఆ వెనకే పోలీస్ యాక్షన్ వచ్చింది. వీధుల్లో జెండాలు, దండలు. మూలన ఆనించిన తుపాకి ఇక ఎవరికీ అక్కర్లేదు, నాకు తప్ప. ఆ నౌకరు ఊరొదిలి పట్నం వచ్చి మోండా మార్కెట్లో ఉల్లిగడ్డ బస్తాలు మోస్తున్నాడు. రోజూ వెళ్ళి చూసేవాణ్ణి. ఎదురుగా ఒక గోదాము మేడ ఉంది. దగ్గరికెళ్ళి కాల్చే ధైర్యం నాకు లేదు. నా కళ్ళలోకి చూస్తాడని భయం. అందుకే దూరం నుంచి తప్పని గురి కావాలి.

"జల్ది తయారు చెయ్యి బావా, పందుల వేటకు పోతం" అన్నాను. ఆయన నా ముఖం వంక చూసి మళ్ళీ నూనె గుడ్డ అందుకున్నారు.

తుపాకి గొట్టం కొసన గురి చూడ్డానికి చిన్న ఇత్తడి ముక్క ఉంటుంది. బావ దాన్ని మక్కీ అనేవారు. అది ఎత్తుగా ఉంటే గుండు కిందికి పోతుంది. ఆకురాయితో కాస్త కాస్త అరగదీస్తే దెబ్బ పైకొస్తుంది. అరగదీసిన ప్రతిసారీ గుర్తుకు ఆయన దాని అంచు మీద ఒక గీత పెట్టేవారు. చప్పుడు బయటపడకుండా ఆయన సెలవు నాడు మౌలాలి అవతల రాళ్ళు పేల్చే చోటికి వెళ్ళేవాళ్ళం. పనివాళ్ళు కేకలేసి పరిగెత్తగానే నేను గురిపట్టాలి, గుట్ట పేలిన క్షణంలోనే మేమూ కాల్చాలి. వారానికి ఒక్కటే గుండు.

గురికి నేను బండ మీద బొగ్గుతో సున్నా చుట్టాను, సరిగ్గా నా గుండె ఎత్తున. పంది అంత ఎత్తుండదని బావకు తెలియదా? మొదటి గీతకు గుండు మోకాలి ఎత్తున తగిలింది. రెండో గీతకు తొడ, మూడోదానికి బొడ్డు. ఇంకొక్క గీత చాలు.

నాలుగో వారం ఆయన ఆకురాయి నా చేతిలో పెట్టారు.

"ఇయ్యాల నువ్వే గియ్యి."

"నాకేం తెలుసు బావా?"

"నీకే తెలుసు. మోండాల నీ వెనకాలనే నిలబడ్డ నేను. నువ్వు సూడలే."

నాకు ఒళ్ళు మండింది. "వాడు మా అన్నను చంపించిండు!"

"నువ్వు సూసినవా?"

నేను తల తిప్పి బండ మీది సున్నా వైపు చూశాను.

"నాకు సుత తెల్వది. చేసిండో, చెయ్యలేదో. తీసుడు అల్కగనే ఉంటది బామ్మర్దీ. గియ్యి."

ఆకురాయి ఇత్తడి మీద ఆనించాను. చెయ్యి వణకలేదు. అది తలుచుకుంటే నాకు ఇప్పటికీ భయమే. పనివాళ్ళ కేకలు మొదలయ్యాయి. బావ నన్ను ఆపలేదు. చెవి మీది పెన్సిల్ తీసి జేబులో వేసుకున్నారు.

అది చూశాక నా చెయ్యి కదల్లేదు. గుట్ట పేలింది, రాళ్ళు దబదబా పడ్డాయి. నేను ఆకురాయి పడేసి ఏడ్చాను. ఆయన దాన్ని ఏరుకుని, దుమ్ము ఊది, "నడువు, అక్క ఎదురుచూస్తది" అన్నారు.

ఆయుధాలు అప్పగించాలని దండోరా వేసినప్పుడు బావ తుపాకి ఇచ్చేశారు. ఆ మనిషి చాలా ఏళ్ళు మోండాలో బస్తాలు మోశాడు. నేను మాత్రం ఉల్లిగడ్డలు రెజిమెంటల్ బజార్లో కొనుక్కునేవాణ్ణి. అతను తప్పు చేశాడో లేదో నాకు తెలియనే లేదు. నన్ను మనిషిగా మిగిల్చినందుకు బావకు ఒక్క దండమైనా పెట్టలేదు.

పదకొండో రోజున అక్క ఒక రేకు డబ్బా ఇచ్చింది. "నీకియ్యమన్నడు, ఏందో ఏమో" అంది. లోపల నూనె గుడ్డలో, తుపాకి నుంచి ఊడదీసి దాచిన ఆ ఇత్తడి ముక్క, దాని అంచు మీద మూడు గీతలు. గుడ్డ ఇంకా అవిసె నూనె వాసన వేస్తోంది. దాన్ని అరచేతిలో పెట్టుకుని కూర్చున్నాను. నాలుగో గీత ఎక్కడ పడాలో నా బొటనవేలికి ఇంకా తెలుసు.