బావ కారు రెక్కకు నేను పెట్టిన జిగురు

ఈ సంగతి ఇప్పుడైనా రాసిపెట్టకపోతే లాభం లేదు. మా బంధువుల్లో ఇది ఇప్పటికే నాలుగైదు రకాలుగా తిరుగుతోంది. ఒకరి కథలో నేను కారు తగలబెట్టాను. ఇంకొకరి కథలో అలిపిరి దగ్గర పోలీసులు నన్ను పట్టుకుపోయారు. మొన్న నగరిలో ఒక పెళ్లి భోజనాల దగ్గర, నేనెవరో తెలియని పెద్దమనిషి ఒకాయన ఈ కథంతా నాకే చెప్పి, "ఆ పిలకాయ ఇప్పుడు యాడుండాడో పాపం" అని జాలిపడి మజ్జిగ తాగాడు. అసలు జరిగింది వీటన్నిటికంటే ఘోరం. కాబట్టి చేసినవాడే చెప్పుకోవడం మర్యాద.

రెండువేల నాలుగో, అయిదో. అప్పుడు నేను తిరుపతిలో ఒక ఎరువుల అంగట్లో పనిచేసేవాణ్ణి. చదువు పదో తరగతితో ఆగింది గానీ చదవడం ఆగలేదు. సాయంత్రమైతే లైబ్రరీలో కూర్చుని ఒక బీరువా పూర్తిచేసి ఇంకొక బీరువాకు జరిగేవాణ్ణి. తేనెటీగల పెంపకం, ఎముకల వైద్యం, ఓడల నిర్మాణం, అన్నీ చదివాను. తేనెటీగను దగ్గరగా చూసింది మాత్రం ఒక్కసారే, అది కుట్టినప్పుడు.

మా సుగుణక్కను నగరిలో ఇచ్చాం. బావ మునిరత్నానికి మరమగ్గాలున్నాయి. ఆయన ఒక పాత తెల్లకారు కొన్నాడు. దానికి వెనక డిక్కీ మూత చివర స్పాయిలర్ అనే నల్లటి పట్టీ ఒకటి ఉండేది. ఇంట్లో అందరూ దాన్ని రెక్క అనేవాళ్లు. బావకు కారు మీద ఎంత ప్రేమో తెలియదు గానీ, రెక్క మీద మాత్రం కొత్త అల్లుడికి వాచీ మీద ఉన్నంత ప్రేమ.

ఆ ఏడు బావకూ అక్కకూ స్వామివారి కల్యాణోత్సవం టికెట్టు దొరికింది. ఎన్నో నెలలు ఎదురుచూస్తే దొరికిన టికెట్టు. బావ వాళ్లమ్మ కుప్పమ్మత్త దానికోసం కట్టిన ముడుపు అప్పటికే రంగు వెలిసిపోయింది. మరుసటి రోజు పొద్దున పది గంటలకల్లా కొండమీద క్యూలో ఉండాలి. ఆలస్యమైతే అంతే, స్వామి పెళ్లి మనకోసం ఆగదు.

ముందురోజు సాయంత్రం ముగ్గురూ మా ఇంటికి దిగారు. దిగీ దిగగానే బావ రెక్క పట్టుకుని ఊపి చూపించాడు. అది ఊగిపోయే పన్నులా ఉంది.

"సూడప్పా చెంగల్రాయుడూ, దారంతా టకటకమంటానే వచ్చినాది. రేపు ఘాట్ రోడ్డులో ఎగిరిపోతే ఎట్ల?"

"మస్తాన్ భాయ్ మెకానిక్ షెడ్డుకు తీసుకుపో బావా. రెండు బోల్టులు మారిస్తే సరిపోతాది," అనాల్సింది నేను. ఆ మాట అక్క అంది. నేను అన్నది వేరు.

"బోల్టులు పాత పద్ధతి బావా. ఇప్పుడంతా జిగురే. విమానాలకే జిగురు వాడతాండారు. నేను చదివినాను."

బావ నన్ను ఆసక్తిగా చూశాడు. పాఠకులారా, నా పతనమంతా ఆ చూపులో ఉంది. యంత్రాలతో బతికే మనిషి, చేతులతో నాలుగు మగ్గాలను పద్నాలుగు చేసిన మనిషి, పుస్తకాల పురుగునైన నన్ను అంతకుముందు అలా చూడలేదు. ఆ చూపు ఇంకొక గంట నిలబడితే చాలు, కారునే కాదు, కొండనైనా అతికించడానికి నేను సిద్ధం.

లైబ్రరీ నుంచి తెచ్చుకున్న మోటారు మరమ్మతుల పుస్తకం ఇంట్లోనే ఉంది. అట్ట లేదు, మొదటి పేజీలూ లేవు గానీ అతికించే అధ్యాయం భద్రంగా ఉంది. రెండు గొట్టాల జిగురు తెచ్చాను. బోల్టులు విప్పేసి, పుస్తకంలో ఉన్నట్టే మూతనూ రెక్క అడుగునూ స్పిరిట్‌తో తుడిచాను. దుమ్ము, జిడ్డు ఉండరాదని అక్కడ పెద్దక్షరాల్లో ఉంది. అద్దంలా తుడిచాను.

అప్పుడు కుప్పమ్మత్త పసుపు గిన్నె పట్టుకుని వచ్చింది.

"బండికి పనిచేస్తా పసుపు పెట్టకుండా మొదలుపెడతారా నాయనా? అదీ కొండకు పొయ్యే బండికి."

"అత్తా, అది..."

"నువ్వు సదువుకున్నోడివి. నీకు నేను సెప్పాల్నా?"

నూనెతో తడిపిన పసుపును రెక్క అడుగున ఈ చివర నుంచి ఆ చివర దాకా, ఇంటి గడపకు పూసినట్టు శ్రద్ధగా పూసింది. మధ్యలో కుంకుమ బొట్లు పెట్టింది. దేవుడి పేరున పెట్టిన పసుపును తుడిచేయమని ఏ పుస్తకం చెబుతుంది? చెప్పినా ఎవరు తుడుస్తారు? భక్తీ జిగురూ ఒకదానికొకటి అడ్డం రావని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను.

కొండమీద కట్టుకోవలసిన మడి పట్టుబట్టలు పెట్టెలో ఉన్నాయి, టికెట్టు ఆ మడతల్లో ఉంది. ఇంట్లో ఎవరూ తాకకూడదని అక్క ఆ పెట్టెను డిక్కీలోనే ఉంచేసింది. పాఠం నోటికి వచ్చిందన్న ధీమాతో నా పుస్తకాన్నీ దాని పక్కనే పెట్టి మూత వేశాను. రెండు గొట్టాలూ పూర్తిగా పిండి కలిపాను. కొంచెం చాలని పుస్తకంలో ఉంది. బావ చూస్తున్నాడు కదా, ధారాళంగా పోశాను. రెక్క ఆనించి, తాడుతో బండి చుట్టూ బిగించి కట్టాను. మిగిలిన జిగురు మూత అంచు మీదుగా జారి, సందులోకి నెమ్మదిగా దిగింది. నేను దాన్ని చూశాను. 'బాగా పట్టింది' అనుకున్నాను.

పొద్దున తాడు విప్పితే రెక్క కదల్లేదు. బావ నా భుజం తట్టి, నన్ను కూడా కారెక్కించుకున్నాడు. ఆ తట్టు అలిపిరి దాకా నా భుజం మీదే ఉంది.

అలిపిరిలో కొండకు పోయే ప్రతి బండినీ తనిఖీ చేస్తారని తిరుపతిలో చంటిపిల్లలకు కూడా తెలుసు. నాకూ తెలుసు. తెలియడం వేరు, గుర్తుండటం వేరు.

"డిక్కీ తియ్యండి సార్," అన్నాడు సెక్యూరిటీ ఆయన.

బావ తాళం తిప్పాడు. మూత రాలేదు. మళ్లీ తిప్పాడు. మోకాలు ఆనించి లాగాడు.

"ఏమప్పా, లోపల ఏం పెట్టుకోనుండారు?"

"బట్టల పెట్టె సార్. బిగుసుకుపోయినాది. ఒక్క నిమిషం," అంటూ బావ రెండు చేతులతో రెక్క పట్టుకుని బలంగా లాగాడు.

రెక్క వచ్చేసింది. రెక్క మాత్రమే వచ్చింది. అరటిపండు తొక్క కూడా అంత సులభంగా రాదు. దాని అడుగున పసుపు నిన్న పూసినట్టే మెరుస్తోంది. కుంకుమ బొట్లు ఒక్కటి కూడా చెదరలేదు. జిగురు మాత్రం ఎక్కడ పట్టకూడదో అక్కడ పట్టి, మూతను బండికి ఏకశిలగా చేసింది. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిందంటారు. నా మందుకు ఊడకూడనిది ఊడింది, తెరుచుకోవలసింది తెరుచుకోలేదు.

వెనక బండ్లు హారన్లు కొడుతున్నాయి. తొమ్మిది కావస్తోంది.

"టికెట్టు లోపలుండాది," అంది అక్క, ఎవరివైపూ చూడకుండా.

"నీ పుస్తకంలో ఊడబెరికేది ల్యాదా?" అన్నాడు బావ.

"ఉంటాది బావా."

"తియ్యి మరి."

"అది కూడా డిక్కీలోనే ఉండాది."

బావ తన చేతిలోని రెక్కను నా చేతిలో పెట్టాడు. తిట్టి ఉంటే బాగుండేది. అత్త ముడుపు మూట పట్టుకుని కొండవైపు చూస్తూ నిలబడింది. నెలల తరబడి ఆ రోజుకోసం బతికిన మనిషి. ఆమె మొహం చూసి నా చదువంతా కాళ్లలోంచి నేలలోకి దిగిపోయింది.

అత్తే తిరిగి, "రత్నం, మొన్న నూలు కండెలు ఏసుకొచ్చేదానికి ఎనక సీటు పీకినావు గదా. ఆ పక్క నుంచి సెయ్యి పోదా?" అంది.

మగవాళ్లం ఇద్దరం మొహాలు చూసుకున్నాం. బావ పది నిమిషాల్లో సీటు పీకి రోడ్డు పక్కన పెట్టాడు. దాని వెనక అట్ట తీస్తే ఒక కంత. అందులో దూరేంత సన్నగా ఉన్నది నేనొక్కణ్ణే. నడుం దాకా దూరాను. కాళ్లు కార్లో, తల డిక్కీ చీకట్లో.

"ఏముండాది లోపల? చెప్పు," అన్నాడు సెక్యూరిటీ ఆయన కిటికీలోంచి టార్చి వేస్తూ.

"పెట్టె ఒకటి సార్."

"ఇంకా?"

"జాకీ. టెంకాయలు రెండు."

"ఇంకా?"

"ఒక పుస్తకం."

"ఏం పుస్తకం?"

చెప్పాను. కాసేపు టార్చి వెలుగు వణికింది. ఆయన నవ్వుతున్నాడని నాకు వెనకనుంచే తెలిసింది.

"మూత తెరుచుకోని బండిని పైకి వదల్లేనప్పా. మనుషులు పోండి. అదో ఆ జీపు కదలబోతాండాది," అని ఆయనే చెయ్యెత్తి జీపు ఆపాడు. నేను కంతలోంచి బయటికి లాగిన పెట్టెతో బావ, అక్క, అత్త అందులో ఎక్కారు. కారును పక్కకు నెట్టించి, దానికి కాపలా నన్ను ఉంచారు.

రోడ్డు పక్కన కారు సీటు మీద, ఒళ్లో రెక్క పెట్టుకుని ఆ రోజంతా కూర్చున్నాను. ఆలోచించడానికి కావలసినంత సమయం. పుస్తకం అబద్ధం చెప్పలేదు. జిడ్డు ఉండరాదంది, కొంచెం చాలంది. రెండూ చదివాను. రెండుచోట్లా పుస్తకాన్ని వదిలేశాను, ఒకచోట మొహమాటానికి, ఇంకొకచోట గొప్పకు. చదివినదాన్ని చేతిదాకా రానివ్వకుండా మధ్యలో నేను అడ్డం నిలబడ్డాను. ఈ ముక్క ఏ బీరువాలోనూ నాకు దొరకలేదు.

మెట్లదారికి పోయే భక్తులు ఆగి నన్ను చూసి పోతున్నారు. మెట్టుమెట్టుకూ పసుపు రాస్తూ ఎక్కేవాళ్లున్న చోట, ఒళ్లో పసుపు పూసిన వస్తువుతో కూర్చున్నవాణ్ణి ఏమనుకుంటారు? పుంగనూరు నుంచి వచ్చిన పాపమ్మ అనే ఆమె దగ్గరకొచ్చి, రెక్కను కళ్లకద్దుకుని, "దీన్ని మోసుకోని పైదాకా నడుస్తావా నాయనా? ఏం మొక్కో ఏమో, పెద్దదే," అంది. కాదని చెప్పడానికి నోరు తెరిచేలోపే దానిమీద రూపాయి బిళ్ల పెట్టి, "నీ పేరు చెప్పు. నా అర్జీతో పాటు నీది కూడా స్వామి హుండీలో ఏస్తా," అంది.

"చెంగల్రాయుడు," అన్నాను. అవసరం అంతగా ఉంది మరి.

సాయంత్రం ముగ్గురూ గుండ్లతో, లడ్లతో దిగారు. పెళ్లి బాగా జరిగిందట. అత్త కళ్లు చూస్తే అడగాల్సిన పని లేకపోయింది.

అందువల్ల ఏడుకొండల పాదాల సాక్షిగా నేను చేసిన ప్రతిజ్ఞ ఇది: ఊడదీసే అధ్యాయం పూర్తిగా చదవనిదే ఈ జన్మలో అతికించే అధ్యాయం జోలికి పోను. పుస్తకాన్ని తాళం పడే చోట పెట్టను. బావ మెచ్చుకుంటాడేమోనన్న అనుమానం కలిగిన మరుక్షణం చేతిలో పని కింద పెట్టేస్తాను.

సీటు సంగతి గుర్తుచేసిన కుప్పమ్మత్తకూ, ఒక్క తిట్టు కూడా తిట్టని మునిరత్నం బావకూ, బోల్టులు చాలన్న సుగుణక్కకూ, నేను పేరు అడగడం మరిచిపోయిన సెక్యూరిటీ ఆయనకూ, మరునాడు రంపపు బ్లేడుతో అరగంటలో మూత తెరిచి, "ఎవరు పెట్టినారప్పా ఈ జిగురు? శానా గట్టి పని," అని నన్ను మెచ్చుకున్న ఒకే ఒక్క మనిషి మస్తాన్ భాయ్‌కూ, నా అర్జీ పైదాకా మోసిన పాపమ్మకూ నమస్కారాలు.